ఆచార్య నాగార్జునుడు : సత్తాస్వరూప విచారము

భారతీయ దార్శనికులందరికిని తప్పని ప్రశ్న యొకటి కలదు. ఒక వస్తువు ఉన్నదనినచో ఆ యునికికి లక్షణమేమి? వైశేషికులు ద్రవ్యగుణకర్మలయందు సత్తాసామాన్యము నంగీకరించిరి. బౌద్ధులలో ధర్మకీర్తి అర్థక్రియాసామర్థ్యమే సత్త్వమనెను. అద్వైతులు మూడు కాలములందును బాధింపబడనిదే పరమార్థసత్తని నిర్ణయించిరి. ఈ చర్చ నొక పెద్ద మలుపు త్రిప్పినవాడు మాధ్యమిక దర్శన ప్రవర్తకుడైన ఆచార్య నాగార్జునుడు. ఉన్నదనబడు వస్తువు ఇతరముతో నిమిత్తము లేక తనంతట తానుండగలదా యని యతడు ప్రశ్నించెను. అట్టి వస్తువొక్కటియు లేదని తేల్చెను. అంతటితో లోకమంతయు లేకపోయెనని భయపడినవారికి, అట్టి స్వతంత్రమైన యునికి లేకపోవుటచేతనే పుట్టుక, మార్పు, కర్మ, ఫలము, మోక్షము పొసగుచున్నవని చూపెను. ఈ యాచార్యుని జీవితమును, సిద్ధాంతమును కలిపి పరిశీలించినగాని అతడు లేదన్నదేదో, ఉన్నదన్నదేదో స్పష్టము కాదు.

కాలము - దేశము

నాగార్జునుడు క్రీ.శ. 150 - 250 నడుమ నుండెనని పండితులలో పెక్కుమంది యభిప్రాయము. అతడు దాక్షిణాత్యుడనుటలో చైనా, టిబెట్టు సంప్రదాయములు ఏకీభవించుచున్నవి. అతని చరితములలో ప్రాచీనమైనది 5వ శతాబ్ది తొలినాళ్ళలో కుమారజీవుడు చైనాభాషలో సంతరించినది. 7వ శతాబ్దిలో భారతదేశమునకు వచ్చిన హ్యూయన్‌త్సాంగ్, అతని తరువాత వచ్చిన ఇత్సింగ్ తాము విన్న విషయములను వ్రాసియుంచిరి. టిబెట్టు చరిత్రకారులలో బుస్తోన్ 14వ శతాబ్దిలోను, తారానాథుడు 1608లోను నాగార్జునుని కథను విపులముగా చెప్పిరి. ధాన్యకటక మహాచైత్యమునకు ప్రాకారము నిర్మింపించినది, తుదినాళ్ళలో శ్రీపర్వతమున నివసించినది ఇతడేయని టిబెట్టు గ్రంథములు చెప్పుచున్నవి.

కృష్ణానదీ తీరమున నాగార్జునకొండ లోయలోని శిథిలములు 1926లో వెలుగులోనికి వచ్చెను. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం అచట త్రవ్వకములు జరిపించిరి. పిమ్మట ఆ లోయ నాగార్జునసాగర జలాశయమున మునిగినది. అచట లభించిన ఇక్ష్వాకుల శాసనములు ఆ స్థలమును విజయపురియనియు, శ్రీపర్వతమనియు పేర్కొనుచున్నవి. రాజకులస్త్రీల దానములు, భిక్షు నికాయముల పేర్లు, సింహళ భిక్షువుల ప్రశంస వానిలో కలవు. ఆచార్య నాగార్జునుని పేరు మాత్రము లేదు. కొండకు ఆ పేరు జనవ్యవహారమున నిలిచివచ్చినది. జగ్గయ్యపేటలో లభించిన ఒక శాసనము భదంత నాగార్జునాచార్యుని, అతని శిష్యుడు జయప్రభుని, అతని శిష్యుడు చంద్రప్రభుని పేర్కొనుచున్నది. లిపినిబట్టి అది సుమారు 6వ శతాబ్దికి చెందినది గావున అందలి నాగార్జునుడు మాధ్యమికాచార్యుడగుట కాలముతో పొసగదు. ఆ పేరు కృష్ణాతీర భిక్షుపరంపరలో గౌరవముతో నిలిచియుండెననుటకు అది సాక్ష్యము.

ఆ గౌరవమే చరిత్రకారునికి చిక్కు తెచ్చిపెట్టినది. 1030 ప్రాంతమున అల్బెరూనీ తన కాలమునకు నూరేండ్ల ముందున్న నాగార్జునుడను రసవాదిని గూర్చి వ్రాసెను. కల్హణుడు 12వ శతాబ్దిలో రాజతరంగిణియందు నాగార్జునుని కాశ్మీరమున నిలిపెను. రసతంత్రములు, వైద్యగ్రంథములు, తాంత్రిక సాధనములు ఆ పేర పెక్కు వెలసినవి. వీనినన్నిటిని ఒక్కని యందే చేర్చినచో అతనికి ఆరునూరేండ్ల యాయువు కల్పింపవలసివచ్చును. టిబెట్టు సంప్రదాయము నిజముగనే అట్లు కల్పించినది. మూలమధ్యమకకారికలను రచించినవాడెవడో వాడే ప్రస్తుత నాగార్జునుడని గ్రహించి, తక్కిన గ్రంథములను ఆ కారికల భాషతో, భావముతో సరిపోల్చి స్వీకరించుట ఆధునిక విమర్శకులు కనుగొనిన మార్గము.

జన్మవృత్తాంతము - విద్య

కుమారజీవుని చరితముననుసరించి నాగార్జునుడు దక్షిణాపథమున బ్రాహ్మణకులమున జన్మించెను. అర్జునవృక్షము క్రింద పుట్టుటచే అర్జునుడనియు, నాగుని సాహాయ్యముచే సిద్ధినందుటచే నాగార్జునుడనియు పేరు వచ్చినదని ఆ చరితము చెప్పుచున్నది. బాల్యముననే వేదములను, జ్యోతిషాది శాస్త్రములను అభ్యసించెను. యౌవనమున ముగ్గురు మిత్రులతో గూడి అదృశ్యవిద్య నేర్చి, రాజాంతఃపురమున స్వేచ్ఛగా ప్రవర్తించెను. భటులు నేలపై పడిన అడుగుల జాడనుబట్టి ఖడ్గములు విసరగా మిత్రులు మువ్వురును హతులైరి. రాజు ప్రక్కనే ఊపిరి బిగబట్టి నిలిచిన నాగార్జునుడొక్కడే బ్రదికెను. కామమే దుఃఖమూలమని ఆ క్షణమున తెలిసికొని, బయటపడినంతనే ప్రవ్రజ్య స్వీకరించెను.

త్రిపిటకములను స్వల్పకాలమున ముగించి, అంతటితో తృప్తినందక ఇతర సూత్రములకై దేశములు తిరిగెను. విద్యాగర్వమున తానే క్రొత్త మతమును స్థాపింపదలచిన సమయమున మహానాగుడను బోధిసత్త్వుడు జాలిగొని సముద్రగర్భమునందలి తన భవనమునకు గొనిపోయి మహాయాన సూత్రములను చూపెనట. పఠింపదలచిన గ్రంథములకంటె అచట పఠింపని గ్రంథములే యపారముగా నుండుట చూచి అతని గర్వమడగెను. కథలోని అద్భుతమును తొలగించినను ఒక విషయము మిగులును. ప్రజ్ఞాపారమితా సూత్రములు చెప్పిన శూన్యతను యుక్తిబలముతో శాస్త్రముగా కూర్చినవాడు నాగార్జునుడని బౌద్ధలోకము దృఢముగా విశ్వసించినది.

శాతవాహన మైత్రి

నాగార్జునునకు శాతవాహన రాజొకడు మిత్రుడనుట పలు మూలములందు కానవచ్చుచున్నది. బాణభట్టు హర్షచరితమున నాగార్జునుడు నాగలోకమునుండి తెచ్చిన ముత్యాల ఏకావళిని త్రిసముద్రాధిపతియైన శాతవాహనునకిచ్చిన కథ కలదు. హ్యూయన్‌త్సాంగ్ కోసలదేశ వర్ణనమున, ఆ రాజు ఆచార్యునికై కొండను తొలిపించి విహారము కట్టింపబూనగా ధనాగారము వట్టిపోయెననియు, నాగార్జునుడు రసప్రయోగముచే శిలలను బంగారముగా మార్చెననియు వ్రాసెను. ఆ రాజు యజ్ఞశ్రీ శాతకర్ణియని పలువురు తలంచిరి.

ఈ మైత్రికి బంగారముకంటె నమ్మదగిన ఫలములు రెండు. ఒకటి సుహృల్లేఖ. గృహస్థుడైన రాజు అవలంబింపదగిన శీలమును సులభముగా చెప్పిన యీ లేఖను భారతదేశమున విద్యార్థులు తొలుతనే కంఠస్థము చేయుచుండిరని ఇత్సింగ్ వ్రాసి, తాను దానిని చైనాభాషలోనికి పరివర్తించెను. రెండవది రత్నావళి. ఐదు పరిచ్ఛేదములు గల యీ గ్రంథమున తత్త్వోపదేశము, రాజధర్మము పెనవైచుకొనియున్నవి. దీని ప్రాధాన్యము ముందు తెలియగలదు.

స్వభావపరీక్ష

నాగార్జునుని దర్శనమునకు మూలస్తంభము 27 ప్రకరణముల మూలమధ్యమకకారిక. అతడు విమర్శించిన పక్షమేదో ముందుగా తెలియవలెను. ఆభిధార్మికులు సత్తును రెండు విధములుగా విభజించిరి. రథమును చక్రములు, ఇరుసు మొదలగు అవయవములుగా విడదీసిన పిదప రథమనునది మిగులదు. కావున అది పేరునకు మాత్రమే గలది, ప్రజ్ఞప్తిసత్తు. ఎంత విభజించినను తన లక్షణమును విడువని మూలధర్మము ద్రవ్యసత్తు. అట్టి ధర్మమునకు స్వభావము కలదు. సర్వాస్తివాదులు ఇంకను ముందునకు పోయి, ధర్మములు భూతభవిష్యద్వర్తమానములు మూటియందును కలవనిరి. అనగా సత్యమైన వస్తువు లోకమునకు అడుగున, విభజనకు తుదిమెట్టున దొరకునని వారి విశ్వాసము.

నాగార్జునుడు ఆ తుదిమెట్టును పరీక్షించెను. స్వభావమనగా తనదైన యునికి. తనదైనది మరొకరు చేసియిచ్చినది కారాదు, మరొకదానిపై ఆధారపడినది కారాదు. నీటికి నిప్పుచే వచ్చిన వేడిమిని నీటి స్వభావమని యెవరును చెప్పరని వ్యాఖ్యాత చంద్రకీర్తి దీనికి ఉదాహరణమిచ్చెను. అయితే ఆభిధార్మికులే తమ ధర్మములు హేతుప్రత్యయములచే పుట్టుననుచున్నారు. పుట్టినచో అవి చేయబడినవి. చేయబడినచో వానికి స్వభావము లేదు. స్వభావమున్నచో పుట్టనక్కరలేదు, మారనేరవు, నశింపనేరవు. ఈ విధముగా బౌద్ధులే యంగీకరించిన ప్రతీత్యసముత్పాదమును ఆధారముగా గొని, బౌద్ధులే కల్పించిన ద్రవ్యసత్తును అతడు నిరాకరించెను. ఈ నిరాకరణమునకే శూన్యతయని పేరు. శూన్యమనగా స్వభావశూన్యము. వస్తువే లేదనుట దానికర్థము కాదు.

అగ్నీంధన పరీక్ష దీనికి మంచి నిదర్శనము. అగ్ని, కట్టె ఒకటియే యనినచో కాల్చునది, కాలునది ఒకటియే యగును. వేరనినచో కట్టె లేకయే అగ్ని యుండవలెను, ఎన్నడును ఆరరాదు. అగ్ని కట్టెనపేక్షించును. కాలుచున్నప్పుడు గాని కట్టె ఇంధనము కాదు గావున అదియు అగ్నినపేక్షించును. ఒకదాని నపేక్షించి మరియొకటి సిద్ధించుచుండగా, ముందుగా సిద్ధించి నిలిచినది వానిలో ఏదియు లేదు. తండ్రికొడుకుల విషయమునను ఇట్లే. కొడుకును కన్నవాడు తండ్రియనుట స్పష్టము. కొడుకు పుట్టినప్పుడు గాని అతడు తండ్రి కాడనుట అంతగా తలపునకు రాదు. నాగార్జునుని యుక్తులన్నియు ఇట్లు మరుగుపడిన అపేక్షను బయటపెట్టునవియే.

ప్రతివాదుల యాక్షేపము - సమాధానము

సర్వము శూన్యమైనచో దుఃఖము లేదు, దాని కారణము లేదు, నిరోధము లేదు, మార్గము లేదు. బుద్ధుడు, ధర్మము, సంఘము లేవు. పుణ్యపాపములు లేవు. ఇట్టి యాక్షేపమును ప్రతివాదుల పక్షమున నాగార్జునుడే కారికల 24వ ప్రకరణమున బలముగా నిలిపెను. సాధకునికి ఇది వట్టి తర్కము కాదు. జీవితమంతయు ధారపోసిన మార్గమే అబద్ధమగునేమో యన్న భయము.

దానికి సమాధానముగా అతడు ఆక్షేపమును ఎదురుత్రిప్పెను. దుఃఖమునకు స్వభావమున్నచో అది యెన్నటికిని పోదు. అజ్ఞానమునకు స్వభావమున్నచో ఏ సాధనచేతను తొలగదు. బుద్ధుడు కానివానికి అబుద్ధత్వమే స్వభావమైనచో ఎన్ని జన్మలు శ్రమించినను బుద్ధుడు కాడు. మార్గము మార్గమగుటకు, రోగి స్వస్థుడగుటకు, పాపి మారుటకు స్వభావశూన్యతయే అవకాశమిచ్చుచున్నది. ఆక్షేపించినవాడు ఎక్కిన గుఱ్ఱమును మరచి దానినే వెదకువాని వంటివాడని అతని భావము.

నైయాయికులు మరొక ప్రశ్న వేసిరి. సర్వము శూన్యమైనచో, శూన్యమను మాటయు శూన్యమే గదా, అది దేనిని నిషేధింపగలదు? విగ్రహవ్యావర్తనిలో దీనికి సమాధానము కలదు. రథము, కుండ, వస్త్రము హేతువులచే ఏర్పడినవి, స్వభావము లేనివి. అయినను రథము కట్టెలను మోయును, కుండ నీటిని, తేనెను నిలుపును, వస్త్రము చలిగాలి నుండి కాపాడును. మాటయు అట్లే తన పని చేయును. కుండ నీటిని నిలుపుటకు మట్టియు, కుమ్మరియు, సారెయు కావలెనేగాని కుండత్వమను స్వయంసిద్ధ పదార్థము కానక్కరలేదు. ప్రమాణములనుగూర్చియు అతడిట్లే విచారించెను. ప్రమేయము ప్రమాణముచే సిద్ధించునన్నచో ప్రమాణము దేనిచే సిద్ధించును? దీపము తన్ను, ఇతరములను వెలిగించునను దృష్టాంతమును అతడు సూక్ష్మముగా పరీక్షించి త్రోసిపుచ్చెను. న్యాయసూత్రముల రెండవ అధ్యాయమున ప్రమాణసామాన్య పరీక్షా సందర్భమున ఇదే వివాదము కనబడుచుండుట ఇరుపక్షముల సంఘర్షణ యెంత సన్నిహితమో తెలుపుచున్నది.

సత్యద్వయము

వస్తువులకు స్వభావము లేకయే కార్యములు సాగుచున్నచో, ఆ కార్యములకు ఏపాటి సత్యము కలదు? దీనికి నాగార్జునుడు సంవృతిసత్యము, పరమార్థసత్యము అను విభాగమును స్వీకరించెను. లోకవ్యవహారము నాశ్రయింపక పరమార్థమును బోధించుట యసాధ్యమని అతని నిర్ణయము. వ్యవహారము పరమార్థమునకు మెట్టు మాత్రమే కాదు. పరమార్థమనగా వ్యవహారమునకు వెనుక దాగిన మరొక లోకమును కాదు. సంసారనిర్వాణములకు అణుమాత్రమును భేదము లేదని కారికల 25వ ప్రకరణము తేల్చుచున్నది. స్వభావమును ఆరోపించి చూచినచో సంసారము, ఆ యారోపము తొలగినచో అదియే నిర్వాణము.

శూన్యతనే ఒక పదార్థముగా పట్టుకొనువారిని అతడు మిక్కిలి తీవ్రముగా మందలించెను. సరిగా పట్టుకొనని పాము పట్టినవానినే చంపునట్లు, అపార్థము చేసికొన్న శూన్యత మందబుద్ధిని నశింపజేయునని హెచ్చరించెను. రత్నావళిలోని ఎండమావి దృష్టాంతము ఈ విషయమును తేటపరచును. ఎండమావిని నీరని భ్రమించి దగ్గరకు పోయినవాడు, అచట చేరిన పిదప ఇందలి నీరు లేకపోయెనని వగచినచో మూఢుడే. ముందు నీరున్నదనుట యెంత పొరపాటో, పిదప ఆ నీరు నశించెననుట అంత పొరపాటు. ఆస్తికత్వ నాస్తికత్వములు రెండును ఒకే భ్రాంతికి రెండు ముఖములు. కాత్యాయనునకు బుద్ధుడు చేసిన యుపదేశమును నాగార్జునుడు తన కారికలలో స్మరించుట ఇందులకే.

రాజధర్మము

లోకమునందలి వస్తువులకు స్వభావము లేదని నమ్మిన ఆచార్యుడు రాజునకేమి బోధించెను? అతని సిద్ధాంతమునకు నిజమైన పరీక్ష యిదియే. సర్వము మిథ్యయని చేతులు ముడుచుకొనుమని రత్నావళిలో ఒక్క మాటయు లేదు. అనాథులకు, రోగులకు, దీనులకు రక్షణ కల్పింపవలెను. వైద్యులను పోషింపవలెను. నీరులేని మార్గములలో చలిపందిళ్ళు వేయింపవలెను. పంటలు పాడైన వారికి విత్తనములు, అన్నము నొసగి ఆదుకొనవలెను, పన్నులను తగ్గింపవలెను. ఖైదీలను వీలైనంత శీఘ్రముగా విడువవలెను. విడువని వారికి క్షురకులను, స్నానమును, అన్నపానములను, ఔషధమును, వస్త్రమును ఏర్పరుపవలెను. అయోగ్యులైన పుత్రులను యోగ్యులుగా చేయగోరి తండ్రి దండించునట్లు కరుణతో దండింపవలెను. ఘోరహంతకులను సైతము చంపక, హింసింపక దేశమునుండి వెడలగొట్టవలెను.

ఈ యుపదేశమునకు, శూన్యవాదమునకు సంబంధము లేదని తోచవచ్చును. నిజమునకు రెండును ఒకటియే. నేరస్థునకు నేరము స్వభావమైనచో అతనిని చంపుట తప్ప గతి లేదు. నేరము హేతుప్రత్యయజన్యమైనచో అతడు మారగలడు. ఖైదీ ఆకలి స్వభావసిద్ధము కాదు గావుననే అన్నముచే తీరును. తీరవలసినదిగా బాధించుచున్నది గావుననే రాజు పట్టించుకొనవలెను. నాగార్జునుని దృష్టిలో దుఃఖము సత్యమనుటకు, దానికి కదలని మూలద్రవ్యమొకటి కావలెనన్న నియమము లేదు.

శిష్యుడు - నిర్యాణము

నాగార్జునుని ప్రధానశిష్యుడు ఆర్యదేవుడు. అతడు సింహళమునుండి వచ్చి దర్శనమర్థించినపుడు ఆచార్యుడు నిండుగా నీరు నింపిన పాత్రను పంపెననియు, ఆర్యదేవుడు మారుమాటాడక అందొక సూదిని వేసెననియు హ్యూయన్‌త్సాంగ్ వ్రాసెను. పాత్రలోని నీరు గురువు జ్ఞానపూర్ణత. అడుగంట మునిగిన సూది దాని లోతును అందుకొనగల శిష్యుని బుద్ధి. గురువు సంతోషించి అతనిని చేర్చుకొనెను. ఆర్యదేవుని చతుఃశతకము గురువు మార్గమును విస్తరించిన గ్రంథము.

నిర్యాణమునుగూర్చి రెండు కథలు కలవు. కుమారజీవుని చరితముననుసరించి, తన యునికిని సహింపని హీనయానాచార్యుని మనసెరిగి నాగార్జునుడు గదిలో ప్రవేశించి తలుపు మూసికొనెను. శిష్యులు తలుపు పగులగొట్టి చూడగా కీటకము విడిచిన కుబుసమువలె దేహమును విడిచిపోయియుండెను. హ్యూయన్‌త్సాంగ్ విన్న కథ వేరు. నాగార్జునుని రసాయనముచే రాజు దీర్ఘాయువగుటచే యువరాజునకు సింహాసనము దూరమాయెను. తల్లి ప్రేరణచే అతడు ఆచార్యుని శిరస్సును యాచించెను. తన మరణముతో రాజు మరణమును తప్పదని యెరిగియు, యాచకుని వట్టిచేతులతో పంపక, ఎండుగడ్డిపోచతో ఆచార్యుడు తన కంఠమును ఛేదించుకొనెను. రాజు దుఃఖముతో వెంటనే మరణించెను. బుస్తోన్ చెప్పిన కథలో, పూర్వజన్మమున దర్భ కోయునపుడు కీటకమును చంపిన కర్మము మిగిలియుండుటచే దర్భయే మృత్యుసాధనమాయెను. కర్మఫలములను శూన్యవాది నిరాకరించెనని పలికిన వారికి సంప్రదాయమిచ్చిన సమాధానముగా ఈ కథను గ్రహింపవచ్చును.

అనంతర చరిత్ర

కారికలపై బుద్ధపాలితుడు, భావవివేకుడు, చంద్రకీర్తి వ్యాఖ్యలు రచించిరి. భావవివేకుడు స్వతంత్రానుమానములను ప్రయోగింపగా, చంద్రకీర్తి ప్రసంగమాత్రము చాలునని వాదించెను. కుమారజీవుడు 409లో కారికలను ఒక వ్యాఖ్యతో చైనాభాషలోనికి మార్చుటచే తూర్పుదేశములందు మాధ్యమిక శాఖ వెలసినది. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున శూన్యవాదమును సర్వప్రమాణవిరుద్ధమని క్లుప్తముగా త్రోసిపుచ్చిరి. అయినను వ్యవహారదశను, పరమార్థదశను వేరుచేసి చెప్పిన అద్వైతసరణికిని, సత్యద్వయ విభాగమునకును గల పోలిక పండితులను నేటివరకు ఆలోచింపజేయుచున్నది. అద్వైతి అన్నిటికి ఆధారముగా బాధింపబడని బ్రహ్మమును నిలిపెను. నాగార్జునుడు అట్టి యాధారమును నిలుపలేదు. భేదమచటనే కలదు.

స్వదేశమున మరుగుపడిన అతని సంస్కృతగ్రంథములు ఆధునిక కాలమున ఒక్కొక్కటిగా వెలుగులోనికి వచ్చెను. కారికలతో గూడిన చంద్రకీర్తి ప్రసన్నపదను లా వల్లే పూసేన్ 1903 - 1913 నడుమ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రకటించెను. రత్నావళి సంస్కృతభాగములను తూచీ 1930లలో వెలువరించెను. రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్టులో కనుగొనిన విగ్రహవ్యావర్తని 1937లో ముద్రితమైనది.

ఉపసంహారము

సత్యమైన వస్తువనగా దేనిపైనను ఆధారపడక నిలుచునదియను భావము మానవబుద్ధిలో లోతుగా పాతుకొనినది. నాగార్జునుడు ఆ భావమునే పెకలించెను. ఆధారపడి యుండుట ఉనికికి కొరత యనుకొనిన చోట, అదియే ఉనికి తీరని అతడు నిరూపించెను. కుండ, మాట, రాజ్యము, దుఃఖము, మార్గము, అన్నియు ఈ తీరుననే కలవు. శిలలు అతని పేరును చెప్పకపోయినను, అతడు వాదించిన ప్రతివాదులయందు, ఆర్యదేవుని యందు, మిత్రుడైన రాజునకు వ్రాసిన లేఖల యందు, చైనా టిబెట్టు పరివర్తకుల శ్రమయందు అతని జీవితము దొరకుచున్నది. ఆ జీవితమును తెలియుటకు ఇవి చాలును. ఆకలిగొన్న ఖైదీకి అన్నము పెట్టుమని రాజును కోరిన ఆచార్యుని, లోకమును లేదన్నవానిగా తలంచుట తగదు.